రాగి తూటా, కార్జం వేపుడు

"సీసం తూటా అయితే నేను రాను బాబాయ్ గారూ. మీ జింకను మీరే కొట్టుకోండి," అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక కూడా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో మా వంటిల్లు నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. కోపం వచ్చినవాళ్ళు పచార్లు చేయడానికి కూడా చోటు లేని ఇళ్ళు ఇవి. అక్కడే గిరగిరా తిరిగాను. ముందుగదిలోంచి మా ఆయన రఘు "మళ్ళీ బాబాయ్ గారేనా?" అని అడిగి, జవాబు వినకుండానే టీవీ సౌండ్ పెంచుకున్నాడు.

బాబాయ్ అంటే మా నాన్నగారి తమ్ముడు సుబ్బరాజు. నాటింగ్‌హామ్‌లో ఎముకల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. భీమవరం పక్కన మా తాతలు ఏనాడో చేసిన వేట గురించి ఇప్పటికీ నిన్న మొన్న జరిగినట్టు చెప్తారు. ఇక్కడ పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే వేట చట్టబద్ధమే. అందుకని ఏటా సెప్టెంబర్ చివర స్కాట్లాండ్ కొండలకు వెళ్ళి, ఎస్టేటు వాళ్ళకు డబ్బు కట్టి, వాళ్ళ స్టాకర్, అంటే వేటకు దారి చూపే మనిషి, చూపించిన ఒక ఎర్రజింకను కొట్టి, మాంసం ఇంటికి తెచ్చి అందరికీ భోజనం పెట్టడం ఆయనకు పండగ. ఈ ఏడు ఆయన భుజానికి ఆపరేషన్ అయింది. రైఫిల్ ఆనించే భుజమే. కొడుకు ఆదర్శ్ సాఫ్ట్‌వేర్ మనిషి, కోడిని కోస్తుంటేనే కళ్ళు తిరిగే బాపతు. ఇక ఆయన కాక కుటుంబం మొత్తంలో రైఫిల్ సర్టిఫికెట్ ఉన్నది నాకొక్కదానికే. అందుకని, గతిలేక, ఈ నాగేశ్వరి గుర్తొచ్చింది.

పైగా ఈ ఏటి వేట మామూలుది కాదు. ఆదర్శ్ భార్య శ్రీజకు ఆరో నెల. ఒంట్లో రక్తం తక్కువగా ఉందన్నారు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటి కోడలు కడుపుతో ఉంటే, వేటలో కొట్టిన జంతువు కార్జం మిరియాలు వేసి వేపి, మొదటి ముద్ద ఆ పిల్లకే పెడతారు. మా నాన్నమ్మ తిన్నది, మా అమ్మ తిన్నది. బాలమణి పిన్ని కూడా ఆదర్శ్ కడుపులో ఉన్నప్పుడు, ఈ దేశంలోనే, బాబాయ్ కొట్టుకొచ్చిన జింక కార్జం తిన్నది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, జింక ఇంకా కొండమీద గడ్డి మేస్తూనే ఉంది, మా పిన్ని అప్పుడే మిరియాలు దంచి సీసాకెత్తేసింది.

ఆనవాయితీతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా తూటాతోనే.

తూటా అంటే ఇత్తడి గొట్టం, లోపల మందు, ముక్కున గుండు. బాబాయ్ వాడే గుండు లోపలంతా సీసం, పైన పల్చటి రాగి తొడుగు. అది జంతువును తాకగానే మెత్తబడి పువ్వులా విచ్చుకుంటుంది, పెద్ద గాయం చేస్తుంది. ఆ మాట నిజమే. కానీ విచ్చుకునేటప్పుడు తునకలు తునకలుగా రాలుతుంది కూడా. కంటికి కనపడని నలుసులు గాయం నుంచి జానెడు దూరం దాకా మాంసంలోకి పోతాయి. గుండె దగ్గర కొడతాం కదా, ఆ వెనకే ఉంటుంది కార్జం. దాన్ని వేపి కడుపుతో ఉన్న పిల్లకు పెడతారట! సీసం పసిబిడ్డ మెదడుకు చేటని పైపుల్లోంచి తీసేశారు, పెట్రోల్లోంచి తీసేశారు, గోడల రంగుల్లోంచి తీసేశారు. మా బాబాయ్ రైఫిల్లోంచి మాత్రం ఎవరూ తీయలేకపోయారు.

ఈ మాటే చెప్తే ఆయన ఫోన్లో నవ్వారు. "ఒంట్లో తూటాలు ఉంచుకుని ముప్పై ఏళ్ళు బతికిన వాళ్ళని నేను చూశానమ్మాయ్. నలుసులకి ఏమవుద్ది?"

"వాళ్ళు వాటిని వేపుకు తినలేదు బాబాయ్ గారూ."

"నీ రాగి గుండు నేనూ ఓసారి వాడాను. సూదిలా ఇటు దూరి అటు పోయింది. జింక అరమైలు పరిగెత్తింది. పొద్దుగూకేదాకా వెతికాం. రాగి పనికిరాదు, అంతే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అప్పుడే నేను ఫోన్ పెట్టేసింది.

ఆయనకు రాగి ఎందుకు పనిచేయలేదో నాకు తెలుసు. లోహాలు ఎక్కడ, ఎందుకు విరుగుతాయో చూడటమే నా ఉద్యోగం, స్టీవెనేజ్‌లో ఒక కంపెనీలో. సీసం బరువైనది, రాగి తేలిక. సీసం గుండుకి ఎంత బరువుందో రాగి గుండుకీ అంతే బరువు కావాలంటే అది పొడుగ్గా తయారవుతుంది, నెమ్మదిగా పోతుంది. రాగి గట్టి లోహం, వేగం లేకపోతే విచ్చుకోదు. బాబాయ్ అలవాటు ప్రకారం తన పాత బరువులోనే రాగి గుండు కొన్నారు. అది విచ్చుకోకుండా అటునుంచి బయటికి పోయింది. రాగి కొనేటప్పుడు ఒక మెట్టు తేలికది కొనాలి. తేలికది వేగంగా పోతుంది, తాకగానే రేకులు విప్పుతుంది, ఏదీ రాల్చదు. ఇంతే కిటుకు. ఇది చెప్పబోతే "నువ్వు పుట్టకముందు నుంచీ తుపాకీ పట్టినోణ్ణి" అంటారు. నేను పుట్టకముందు ఆయన పట్టింది పిట్టల తుపాకీ!

నా రైఫిల్ కొన్న రోజూ ఇదే తంతు. దుకాణంలో ఆయన ఎవరో నన్ను చూడగానే అన్నిటికంటే సన్నని తూటా పడే రైఫిల్ తీసి గాజుబల్ల మీద పెట్టాడు. ఆడవాళ్ళకు ఇదే బాగుంటుందట, భుజానికి దెబ్బ తగలదట. కొత్తగా వచ్చిన రోజుల్లో ఈస్ట్ హామ్ నుంచి బియ్యం బస్తా లండన్ ట్యూబు రైల్లో మోసుకొచ్చిన భుజం నాది. "నాకు త్రీ-నాట్-ఎయిట్ కావాలి. ఎర్రజింక పెద్ద జంతువు, సన్న తూటాతో దాన్ని కుంటిదాన్ని చేయడం నాకిష్టం లేదు," అన్నాను. మారు మాట్లాడకుండా తీసిచ్చాడు.

అంతకు ముందు సర్టిఫికెట్ కోసం పోలీసాఫీసరు ఇంటికొచ్చి, రైఫిల్ దాచే ఇనప బీరువా చూసి, రఘును పక్కకు పిలిచి "మీ ఆవిడకు కోపం ఎక్కువా?" అని అడిగాడు. రఘుకు ముచ్చెమటలు పట్టాయి. వంటింటి తలుపు సందులోంచి నేను చూస్తున్నాను. "గొంతే పెద్దదండీ, మనసు కాదు," అన్నాడు పాపం. ఆ ఒక్క మాటకే ఆయన్ని వారం రోజులు ఏమీ అనలేదు.

ఇక మా తెలుగువాళ్ళ సంగతి సరేసరి. గెట్-టుగెదర్‌లో చికెన్ పకోడీ నములుతూ "అయ్యో, జింకల్ని చంపుతావా? పాపం కదూ!" అంటారు. నీ ప్లేట్లో కోడి ఏమన్నా ఆత్మహత్య చేసుకుందా తల్లీ అని అడిగితే నాకు నోటిదురుసంటారు. ఉంటే ఉందిలెండి.

మూడు కంపెనీల రాగి తూటాలు తెచ్చుకుని శనివారాలు షూటింగ్ రేంజికి వెళ్ళాను. రైఫిల్‌కి కూడా ఇష్టాయిష్టాలుంటాయి. మొదటి పెట్టె గుళ్ళు చేటలోంచి బియ్యం చెదిరినట్టు కాగితం నిండా పడ్డాయి. రెండోది కాస్త నయం. మూడోది, నీలం ముక్కు ఉన్నది, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒకేచోట పడింది. చాలు, నాది దొరికింది అనుకుని, ఆ పెట్టెకు సరిపడేట్టు రైఫిల్ మీది టెలిస్కోపు సరిచేసి మరలు బిగించేశాను.

చివరి శనివారం దాటి రెండు రోజులయ్యాక బాబాయే ఫోన్ చేశారు. "సరే, నీ రాగి నువ్వే తెచ్చుకో. తప్పిపోయిందంటే మాత్రం నా ఎదర మొహం ఎత్తకూడదు."

"తప్పితే మీ ఇంట్లో మళ్ళీ అన్నం తినను. సరేనా?"

"ఆయ్! అంత మాట దేనికే?"

"మీరే అనిపించారు."

శుక్రవారం సాయంత్రం నాటింగ్‌హామ్‌లో ఆగాను, అక్కడినుంచి పొద్దున్నే ఇద్దరం బయల్దేరాలని. పిన్ని చేపల పులుసు చేసింది. శ్రీజ పెరుగన్నం కలుపుకుని బల్ల చివర కూచుంది. హన్మకొండ పిల్ల. ఇక్కడికి మాస్టర్స్ చదవడానికొచ్చి ఆదర్శ్‌ను చేసుకుంది. సన్నగా, నిమ్మళంగా ఉంటుంది. ఆ పిల్లను చూడగానే నాకు పౌరుషం ఇంకా పెరిగింది. అక్కడే, ఆ బల్ల దగ్గరే, బాబాయ్‌తో మళ్ళీ వేసుకున్నాను. సీసం అంటారాయన, రాగి అంటాను నేను. పులుసు చల్లారింది. పిన్ని "ముందు తినండర్రా, తర్వాత కొట్టుకుందురుగానీ," అని మొత్తుకుంది. ఆదర్శ్ ఫోన్లోంచి తలెత్తలేదు.

"నువ్వేం కంగారుపడకు శ్రీజా, నీ కంచంలోకి సీసం రానిస్తానా? నేనున్నాగా!" అన్నాను.

శ్రీజ పెరుగన్నం వేళ్ళతో కెలుకుతూ కూచుంది. కాసేపటికి కంచం తీసి పైకి వెళ్ళిపోయింది. కడుపుతో ఉన్న పిల్ల, అలిసిపోయి ఉంటుందనుకున్నాను. మేం మాత్రం ఇంకో అరగంట దాకా వాదన ఆపలేదు.

స్కాట్లాండ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎస్టేటు స్టాకర్ పేరు ఫెర్గస్. మాటకీ మాటకీ మధ్య ఒక టీ తాగొచ్చు, అంత తీరుబడి మనిషి. కొండ ఎక్కబోయే ప్రతివాళ్ళూ ముందు ఆయన కళ్ళ ముందు టార్గెట్ మీద కాల్చి చూపించాలి. బురదలో గోనెపట్టా పరిచాడు. పడుకుని మూడు కాల్చాను. ఆయన బైనాక్యులర్స్ దించి, బాగుంది అన్నట్టు తలూపాడు. బాబాయ్ గొంతు సవరించుకుని "కాగితం పరిగెత్తదుగా," అన్నారు. నేను పళ్ళు కొరుక్కుంటూ రైఫిల్ సర్దాను.

మర్నాడు పొద్దున్నే ఎస్టేటు వాళ్ళిచ్చిన కాటేజీలో బూట్లు కట్టుకుని, నడుముకి తగిలించుకునే తూటాల సంచీ తెరిచాను. నా నీలం ముక్కులు లేవు. అన్నీ బూడిదరంగు సీసం ముక్కులు.

రాత్రి ఆ సంచీ పెట్టి తాళం వేసిన పెట్టెకు తాళంచెవులు రెండే. ఒకటి నాది, ఒకటి ఆయనది.

"బాబాయ్ గారూ, ఇవెవరు పెట్టారు?"

ఆయన టీ కప్పు మీంచి తల తిప్పలేదు. "నేనేనమ్మాయ్. నీదీ నాదీ ఒకటే కొలత. నీ రైఫిల్లో పడతాయి."

"నా రైఫిల్లో పడతాయి. నేను గురి చూసిన చోట మాత్రం పడవు! నా టెలిస్కోపు కట్టింది ఆ రాగి గుండుకి. ఇవి వేరే బరువు, వేరే దారిన పోతాయి. ఏ కాలికో తగిలి ఆ జంతువు మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ కొండల్లో చస్తే ఆ పాపం ఎవరిది? మీదా, నాదా?"

"అరవకే. ఇంట్లో పిల్లకి కార్జం కావాలి. నీ ప్రయోగాలకి ఇదా సమయం?"

"ప్రయోగం చేస్తున్నది మీరు! నాకు చెప్పకుండా, నా సంచీలో చెయ్యిపెట్టి!"

నా గొంతుకి ఫెర్గస్ తలుపు దగ్గరికొచ్చాడు. ఏమైందన్నాడు. నేను ఒక్కొక్క తూటా తీసి బాబాయ్ అరచేతిలో పోస్తూ, ఇంగ్లీషులో జరిగింది చెప్పాను. దాచలేదు. పెద్దాయన పరువు పోతుందని నేనెందుకు దాచాలి? నా సంచీలో చెయ్యి పెట్టేటప్పుడు నా పరువు ఆయనకి గుర్తొచ్చిందా? ఫెర్గస్ బాబాయ్ వంక చాలాసేపు చూశాడు. నిన్న కాగితం మీద కాల్చినవే ఇవాళ కొండెక్కుతాయి, లేకపోతే ఎవరూ ఎక్కరు అన్నాడు. బాబాయ్ మొహం కందిపోయింది. లేచి, మాట్లాడకుండా పెట్టె తాళం తీసి, నావి నాకిచ్చారు.

కొండ మీద చినుకు మొదలైంది. నల్లటి బురదనేల, అడుగు వేస్తే మోకాలిదాకా దిగబడుతుంది. గాలి మా వాసన జింకల వైపు మోసుకుపోకుండా ఫెర్గస్ చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు. చివరి గుట్ట దగ్గర ముగ్గురం బోర్లా పడుకుని, తడి పొదల్లో మోచేతుల మీద పాకాం. బాబాయ్ ఒక చేత్తోనే పాకుతూ వచ్చారు. అబద్ధం చెప్పడమెందుకు, ఆ పట్టుదల చూస్తే నాకు ముచ్చటేసింది. వెంటనే తూటాల సంగతి గుర్తొచ్చి ఆ ముచ్చట దిగిపోయింది.

ఎదురుగా వాలులో ఎర్రజింక నిలబడి ఉంది. పెద్ద కొమ్ములది. కానీ ముసలిది, వీపు వంగిపోయింది, పక్కటెముకలు తేలాయి. ఈ చలికాలం దాటదు, అదే మనది అన్నాడు ఫెర్గస్ చెవిలో. అది తల దించి గడ్డి కొరికింది. ఎత్తింది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. పక్కకు తిరగవే తల్లీ అని లోపల బతిమాలుకుంటున్నాను, అది మగజింకని గుర్తు కూడా లేదు. చివరికి పక్కకు తిరిగింది. ముంగాలి వెనక, మూడోవంతు ఎత్తులో టెలిస్కోపు గీత పెట్టి, ఊపిరి సగం వదిలి, వేలు బిగించాను.

చప్పుడు కొండలన్నీ తిరిగొచ్చింది. జింక ఒక్క గెంతు గెంతి, పరుగు అందుకుంది.

"పోయింది!" అన్నారు బాబాయ్. "చెప్పానా? నేను చెప్పానా? సూదిలా పోయింది!"

జింక గుట్ట అవతలికి దిగి కనపడకుండా పోయింది. నేను లేవబోయాను. ఫెర్గస్ మాత్రం కదల్లేదు. కాసేపు ఆగమని చెయ్యి చూపించాడు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. రాగి మీద ప్రాణంలాంటి నమ్మకం పెట్టుకున్నదాన్ని, నాకే అనుమానం వచ్చేసింది. ఒకవేళ బాబాయ్ మాటే నిజమైతే? ఒక మూగజీవిని నా మొండితనానికి బలిచేశానా? తర్వాత లేచి, గుట్ట ఎక్కి, అవతలికి చూశాం.

అక్కడే, మిట్ట దాటగానే, పక్కకు ఒరిగి పడి ఉంది. కళ్ళు అప్పటికే ఆరిపోయాయి. గుండె చీలిన జంతువు కూడా నాలుగు అంగలు వేస్తుంది, అది దాని ఒంటి అలవాటు అన్నాడు ఫెర్గస్. నేను దాని మెడ మీద చెయ్యి వేసి కూచున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. ఏడుపొచ్చింది, గర్వమూ వచ్చింది, రెండూ ఒకేసారి. చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని రెండిట్లో ఏదీ దాచుకోలేదు.

ఫెర్గస్ కడుపు కోసి లోపలివన్నీ తీశాడు. గాయం చుట్టూ మాంసం కమిలిపోలేదు. ఊపిరితిత్తుల్లోంచి శుభ్రంగా దారి చేసుకుని పోయింది గుండు. కార్జం ఎక్కడా చిట్లకుండా, నిగనిగలాడుతూ వచ్చింది. రెండు చేతులా పట్టుకుని బాబాయ్ ముందుకు చాచాను.

"చూడండి. పట్టుకుని చూడండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని, డాక్టరు చూపు చూశారు. "ఊఁ. గురి మంచిదే."

"గుండు కూడా మంచిదే అనండి."

"గురి మంచిదే అన్నానుగా!"

అంతకంటే ఆ నోట రాదని నాకు తెలుసు. అయినా గెలిచాను. దారి పొడుగునా, ఐసుపెట్టెలో కార్జం, తొడమాంసం వెనకసీట్లో పెట్టుకుని, స్టీరింగు మీద వేళ్ళతో దరువేసుకుంటూ నడిపాను. బాబాయ్ నిద్ర నటించారు.

నాటింగ్‌హామ్ చేరిన మర్నాడు మధ్యాహ్నం భోజనాలు. పిన్ని కార్జం వేపుడు చేసింది. ఉల్లిపాయ, మిరియాలు, కరివేపాకు, ఇల్లంతా ఘుమఘుమలు. తొడమాంసం వేరే గిన్నెలో కూరగా వండింది. అందరం కూచున్నాక పిన్ని తెల్ల పింగాణీ ప్లేటులో వేపుడు పెట్టి, మొదటగా శ్రీజ ముందుంచింది. నేను నా కథ మొదలెట్టాను. ఎలా పాకామో, ఎలా కాల్చానో, బాబాయ్ ఎలా "పోయింది" అని అరిచారో. పిన్ని పడీపడీ నవ్వింది.

శ్రీజ ప్లేటును ముందుకు తోసింది. "నాకొద్దు వదినా."

"ఏమ్మా, వాసన పడట్లేదా? నిమ్మకాయ పిండుకో," అన్నాను.

"వాసన గాదు. కార్జం తినొద్దని మిడ్‌వైఫ్ ఫస్ట్ అపాయింట్‌మెంట్లనే చెప్పింది. అండ్ల విటమిన్ ఏ మస్తుంటదట, కడుపుల బిడ్డకు మంచిది గాదట. సీసం తూటాతోని కొట్టినా, రాగి తూటాతోని కొట్టినా, దుకాణంల కొన్న మేకదైనా, అసలే తినొద్దన్నది. రక్తానికి ఐరన్ గోలీలు ఇచ్చిండ్రు. ఏసుకుంటున్న."

ముందుగా మాట్లాడింది నేనే, అదీ కోపంగా.

"మరి నెలరోజుల్నించి చెప్పవేం శ్రీజా? నేను ఎవరికోసం ఇంత యుద్ధం చేశాను?"

"ఎప్పుడు చెప్పాలె వదినా?" ఆ పిల్ల గొంతు పెద్దది చేయలేదు. కానీ కళ్ళు నా మీంచి తిప్పలేదు. "ఫోన్ల మీరిద్దరే కొట్లాడ్తరు. మొన్న గీ టేబుల్ కాడ గూడ మీరిద్దరే కొట్లాడిండ్రు. సీసమా, రాగా అన్నరు. తింటవా అని నన్ను ఒక్కళ్ళన్న అడిగిండ్రా? ఆదర్శ్‌కు చెప్పిన. నాన్న బాధపడ్తడు, ఒక్క ముద్ద తినెయ్ అన్నడు. కడుపు నాది. బిడ్డ నాది. కొట్లాట మీది."

ఆదర్శ్ ఫోన్ బోర్లా పెట్టి, తల వంచుకున్నాడు.

నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. దుకాణం వాడిని అడిగాను, ఫెర్గస్‌ను అడిగాను, లోహాల పుస్తకాలన్నీ అడిగాను. తినేది ఎవరో ఆ పిల్లను మాత్రం అడగలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ పిల్ల కడుపు మీద నేనూ బాబాయూ పందెం కాశాం.

"నేను తినలేదా? వీడు పుట్టలేదా?" అంది పిన్ని, ఆదర్శ్‌ను చూపిస్తూ.

బాబాయ్ ప్లేటును మళ్ళీ శ్రీజ దగ్గరికి జరిపారు. గొంతు మెత్తగానే ఉంది. "ఇంటి ఆనవాయితీ తల్లీ. ఒక్క ముక్కకి ఏమీ కాదు, నేనూ డాక్టర్నే. మీ వదిన అంత కష్టపడి, బురదలో పాకి, నీ కోసం కొట్టుకొచ్చింది. ఆవిడ మొహం చూసైనా తిను."

అదీ మాట! నా కష్టాన్ని అడ్డం పెట్టి ఆ పిల్ల నోట్లో ముద్ద కుక్కబోతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈసారి సగం మంట నా మీదే.

లేచి ఆ ప్లేటు తీసేశాను.

"నా మొహం చూసి ఎవరూ ఏదీ తినక్కర్లేదు బాబాయ్ గారూ. ఆ పిల్ల వద్దంది. అయిపోయింది."

"అంటే ఆనవాయితీ?"

"అంత ముద్దొస్తే మీరు తినండి." ప్లేటు ఆయన ముందు పెట్టాను, కాస్త గట్టిగానే పెట్టాను. "ఎముకల డాక్టరు మాట ఎముకల దాకే. మిడ్‌వైఫ్ చెప్పింది మిడ్‌వైఫ్ చెప్పింది."

"ఇప్పుడు నువ్వు కూడానా నాగేశ్వరీ? నీ జింకే కదే!"

"నా జింకే. నా తూటాయే. నెల రోజులు మొత్తుకుని నెగ్గింది కూడా నేనే. అయినా తప్పు నాదీ, మీదీ. ఇంకోసారి ఆ పిల్ల కంచం వైపు ప్లేటు తోశారంటే నేను ఈ ఇంటి గడప తొక్కను. ఆదర్శ్, నీకూ చెప్తున్నా. మీ నాన్న బాధపడితే పడనీ. నీ పెళ్ళాం వైపు నుంచో."

పిన్ని చెంగుతో కళ్ళొత్తుకుంది. బాధపడిందని తెలుసు, ఆ వేపుడు వెనక ఆవిడ ప్రేమ ఉందనీ తెలుసు. అయినా వెనక్కి తగ్గలేదు. నేను కుర్చీలో కూలబడి, శ్రీజ వంక చూడటానికి మొహం చెల్లక, మంచినీళ్ళు తాగాను.

"వదినా," అంది శ్రీజ. "గా తొడ కూర రాగి తూటాతోని కొట్టినదే గదా?"

"రాగిదే. నేనే కొట్టాను. రవ్వంత సీసం లేదు."

"మంచిగ ఉడికిందా అత్తమ్మా?"

"మెత్తగా ఉడికిందమ్మా," అంది పిన్ని ముక్కు ఎగబీలుస్తూ.

"గట్లయితే గది తింట. మాంసం బాగ ఉడికితే తినొచ్చన్నది. సీసంతోని కొట్టింది మాత్రం వద్దన్నది. ఆకలైతాంది నాకు."

నా ప్రాణం లేచొచ్చింది. గబుక్కున లేచి, కూర గిన్నె దగ్గరికి లాక్కుని, గరిటె నిండా ముక్కలు తీసి ఆ పిల్ల కంచం మీదికి వంగాను. శ్రీజ కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను ఏసుకుంట వదినా," అంది.

గరిటె ఆ పిల్ల చేతికిచ్చాను.